కాళ్లూ చేతులూ చల్లబడినప్పుడు



ఈ గ్రూపులో రెండేళ్ల నుంచి ఉన్నాను గానీ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. పోస్టు శానా పెద్దదైంది. సగం ఈరోజు, సగం రేపు చదివినా ఫర్వాలేదు. హాస్టల్లో ఉండే ఆడపిల్లలు, ఇంటి దగ్గర అమ్మ కూలికి పోయేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. చివర్లో మిమ్మల్ని ఒక సాయం కూడా అడుగుతా.

నా గురించి రెండు మాటలు. మాది కదిరి వైపు ఒక సుగాలి తండా. మూడెకరాల మెట్ట, చెనక్కాయ పంట, వానొస్తే ఉంది, లేకుంటే లేదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే ఫస్టు. యాడి వేలిముద్ర వేస్తుంది. మా గోర్ బోలిలో యాడి అంటే అమ్మ. నాయన ఐదో తరగతి వరకు చదివి, ఎండాకాలం వస్తే బెంగళూరు పోయి సెంట్రింగ్ పని చేస్తాడు. నేను అనంతపురం టౌన్లో హాస్టల్లో ఉండి బీఎస్సీ సెకండియర్ చదువుతున్నా.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఆరున్నరకి హాజరు లైన్‌లో నిలబడి ఉన్నాం. నా ముందు ఇద్దరి అవతల ఫస్టియర్ చెల్లి ఒకతి, ఎరుకల వాళ్ల పాప, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చింది. పేరు రాయను. "అక్కా, కళ్లు మసకగా ఉన్నాయి" అనింది. అనడమే, నిలబడినది నిలబడినట్టే కూలిపోయింది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. చేయి పట్టుకుంటే ఐస్ ముక్క. నుదుటి మీద చల్లటి చెమట.

ఒక్క నిమిషంలో ముప్పై మంది మీద పడ్డారు. ఒకామె "ఎత్తి కూర్చోబెట్టండే" అనింది. ఒకామె ట్రంకు పెట్టె తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది. ఒకామె వంటింట్లోకి ఉరికి ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పెట్టింది. ఇంకొకామె చెంబు నోటి దగ్గర పెట్టి నీళ్లు పోయబోయింది. ఆ చెంబు చూడగానే నాకు రెండేళ్ల కిందటి మా యాడి గుర్తొచ్చింది. నేను గట్టిగా అరిచినా. "నీళ్లు పోయొద్దు. పడుకోబెట్టండి. అందరూ జరగండి." నా జీవితంలో హాస్టల్లో నేను అంత గట్టిగా మాట్లాడింది లేదు. పాపని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి బోర్లించిన బకెట్ మీద పెట్టినా. చున్నీ వదులు చేసినా. అరవై లెక్కపెట్టక ముందే కళ్లు తెరిచింది. "ఏమైందక్కా, అందరూ చూస్తాండారు" అని సిగ్గుపడి లేవబోయింది. పది నిమిషాలు లేవనీయలేదు.

అంతా అయిపోయింది అనుకున్నా. కానీ మధ్యాహ్నానికి కథ మారిపోయింది. బాత్రూముల వెనక వేపచెట్టు ఉంది. పోయిన వారం రాత్రి ఆ పాప ఒక్కతే అటు పోయిందట, అక్కడే పట్టుకుందట. సాయంత్రానికి వాళ్ల నాయనకి ఎవరో ఫోన్ చేసి చెప్పేసినారు. మరుసటి రోజు పొద్దున్నే ఆయన దిగినాడు.

ఆ కథకి ముందు యాడి కథ చెప్పాలి.

2023 మే నెల. ఉపాధి పని. మన జిల్లాకి ఆ పనితో ఒక సంబంధం ఉంది, తెలుసు కదా. దేశం మొత్తానికి ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లి నుంచే. ఎందుకు ఇక్కడే అంటే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడే నేల ఇది. కరువు వచ్చిన ప్రతిసారీ మన తండాలే ముందు ఖాళీ అవుతాయి.

యాడి పొద్దున ఐదున్నరకి ఇంట్లో టీ ఒక గ్లాసు తాగి పోయింది. తినలేదు. తొమ్మిదిన్నర దాకా కందకం తవ్వింది. నీళ్ల కుండ ఉంది, తాగలేదు. ఎందుకు తాగలేదో మగపిల్లలకి అర్థం కాకపోవచ్చు కాబట్టి విడమరిచి రాస్తున్నా. నీళ్లు తాగితే పాసుకి పోవాలి. అది చెట్టు పుట్ట లేని బీడు. చుట్టూ మగవాళ్లు. అందుకని మన ఆడవాళ్లు పనికి పోయేటప్పుడు నీళ్లు తాగరు. యాడి ముప్పై ఏళ్లుగా అట్లే చేసింది.

గంప తల మీదికి ఎత్తుకుని నిలబడగానే పడిపోయింది. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంటి దగ్గరే ఉన్నా, ఆ రోజు నేను కూడా పనిలోకి పోయినా. అందరూ ఉరికొచ్చి ఎత్తి కూర్చోబెట్టినారు. తల వేలాడిపోయింది. మళ్లీ పట్టుకుని కూర్చోబెట్టినారు, మళ్లీ వేలాడిపోయింది. చెంబుతో నోట్లో నీళ్లు పోసినారు. ఆ నీళ్లు పొరబోయి యాడి మొహం నల్లబడింది, దగ్గు, కళ్లు పైకి తేలేసింది. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. "చల్లబడిపోయింది" అని ఎవరో అన్నారు. మన భాషలో ఆ మాటకి అర్థం ఏందో మీకు తెలుసు. నేను అక్కడే కూలబడిపోయినా. పద్దెనిమిదేళ్ల పిల్లని, ఇంటర్ బైపీసీ చదివినా, గుండె బొమ్మ వేసి నాలుగు గదులు గుర్తించి మార్కులు తెచ్చుకున్నా. మా అమ్మ పడిపోతే ఏం చేయాలో మాత్రం నాకు ఒక్క ముక్క తెలియదు.

యాడి బతికింది. ఎవరో భుజం మీద వేసుకుని నీడకి మోసేటప్పుడు తల కిందికి, కాళ్లు పైకి అయి, తనంతట తానే తెలివిలోకి వచ్చింది. కానీ మా దాది "గాలి సోకింది" అనింది. భగత్ దగ్గరికి తీసుకుపోయినారు. కోడి, కల్లు, తాయెత్తు, మొత్తం కలిపి పదిరోజుల కూలి. డాక్టర్ దగ్గరికి మాత్రం పోలేదు. దాదిని నేను తప్పు పట్టను. ఆమెకి తెలిసిన దారిలో ఆమె కోడలిని కాపాడుకుంది.

ఇప్పుడు మళ్లీ హాస్టల్‌కి వస్తా. ఆ సోమవారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్పృహ తప్పడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, ఈ రెండూ ఎందుకు జతగా వస్తాయి అని ఫోన్‌లో వెతుక్కుంటూ పోయినా. వెతుకుతుంటే నేను అనుకోని చోటికి పోయినా, చైనా వాళ్ల పాత వైద్యం దగ్గరికి.

వాళ్లకి ఈ రెండింటికీ కలిపి ఒకటే మాట ఉంది. జ్యుయె అంటారు. స్పృహ తప్పి పడిపోయినా జ్యుయె, చేతులు కాళ్లు చల్లబడినా జ్యుయె. రెండు వేల ఏళ్ల కిందటి హ్వాంగ్‌ది నైజింగ్ అనే వాళ్ల వైద్య గ్రంథంలో దీని మీద ఒక అధ్యాయమే ఉంది. చలి కాలి వేళ్ల దగ్గర మొదలై మోకాళ్ల దాకా ఎక్కుతుందని రాసుకున్నారు. ఒంట్లో తిరగాల్సిన శక్తి దారి తప్పి తిరగబడితే మనిషి పడిపోతాడని వాళ్ల లెక్క. అది తిరిగొస్తే మనిషి బతుకుతాడు, రాకుంటే పోతాడు.

తర్వాత 1,800 ఏళ్ల కింద జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు షాంగ్ హాన్ లున్ అనే పుస్తకం రాసినాడు. ఆయన ముందుమాటలో ఉన్న సంగతి నన్ను పట్టుకుంది. వాళ్ల బంధువర్గం రెండు వందల మందికి పైన ఉండేవాళ్లట. పదేళ్లు తిరక్కముందే అందులో మూడింట రెండు వంతులు చనిపోయినారు, ఎక్కువమంది జ్వరాలతోనే. అంటే ఆయన తన తండా తన కళ్ల ముందు ఖాళీ అయిపోతుంటే కూర్చుని రాసినాడు.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. చేతులు చల్లగా ఉన్నంత మాత్రాన రోగం ఒకటే కాదు. లోపల వేడి అడుగంటి చల్లబడిన మనిషికి శొంఠి, అతిమధురం, నాభి వేసిన కషాయం ఇచ్చేవాళ్లు. శక్తి లోపలే చిక్కుకుని చేతులదాకా రాని మనిషికి పూర్తిగా వేరే మందు. ఇంకొకటి, లోపల జ్వరం ఎంత లోతుగా ఉంటే చేతులు అంత చల్లగా ఉంటాయని. అంటే పైన చలి, లోపల మంట. చేయి పట్టుకుని చల్లగా ఉంది అని ఆగిపోవద్దు, లోపలేముందో చూడు అని.

(నాభి అంటే విషం. ఎవరూ ఇంట్లో ప్రయత్నం చేయొద్దు. నేను ఇది రాస్తున్నది మందు కోసం కాదు, ఆలోచన కోసం.)

మన దగ్గర కూడా ఇట్లాంటిదే ఉంది. చరక సంహిత సూత్రస్థానం 24వ అధ్యాయంలో మదం, మూర్ఛ, సన్యాసం అని మూడు మెట్లు చెప్పినారు. మొదటి రెండూ వేగం తగ్గగానే వాటంతట అవే పోతాయి. మూడోది, కట్టెలాగా పడిపోయేది, మందు లేకుండా పోదు. ఒకరికొకరు తెలియని రెండు దేశాల పాత వైద్యులు ఒకటే గీత గీసినారు. తనంతట తాను లేచేవాడు వేరు, లేవనివాడు వేరు. ఈ రోజు డాక్టర్లు కూడా మొదట చూసేది అదే గీత.

చైనా వాళ్లు స్పృహ తప్పినవాళ్లకి ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉండే గుంటలో గోటితో గట్టిగా నొక్కుతారు. ఆ చోటుకి రెన్‌జోంగ్ అని పేరు. అది చదివి నాకు నవ్వొచ్చింది. వాళ్లకి గోరు, మనకి ఉల్లిగడ్డ. ఎక్కడైనా మనిషి పడిపోతే పక్కనోళ్లు ఊరికే ఉండలేరు, ఏదో ఒకటి చేయాలి. చేసేలోపు ఆ మనిషి లేస్తాడు. లేచింది ఉల్లిగడ్డ వల్లే అనుకుంటాం.

మరి నిజంగా ఏం జరుగుతుంది? నేను మా క్లాసు పుస్తకాల నుంచి, మా జువాలజీ మేడమ్‌ని అడిగి అర్థం చేసుకున్నది నా మాటల్లో చెప్తా.

మన ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. శానా సేపు నిలబడితే రక్తం బరువుకి కాళ్లలోకి దిగుతుంది. నీళ్లు తక్కువైతే, ఎండకి చెమట పోతే, తినకపోతే, భయపడితే, ఒక్కోసారి నరాల వ్యవస్థ తప్పు సంకేతం ఇస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి, బీపీ దబ్‌మని పడిపోతుంది. మెదడుకి కొన్ని సెకన్లు రక్తం సరిగా అందకపోతే చాలు, స్పృహ పోతుంది. ఎక్కువమంది పడిపోయేది ఇందుకే.

చేతులు ఎందుకు చల్లబడతాయి? ఇల్లు గడవనప్పుడు అమ్మ ఏం చేస్తుంది? తన ముద్ద తగ్గించుకుని పిల్లలకి పెడుతుంది. ఒళ్లు కూడా అదే చేస్తుంది. రక్తం చాలనప్పుడు చేతుల్లో, కాళ్లలో, చర్మంలో ఉన్న నాళాలని బిగించేసి, ఉన్నదాన్ని గుండెకి, మెదడుకి పంపిస్తుంది. అందుకే మొహం పాలిపోతుంది, వేళ్లు చల్లబడతాయి. ఆ చలి గాలి కాదు, దయ్యం కాదు. లోపల కరువొచ్చిందని ఒళ్లు చెప్పే మాట.

ఇంకొకటి. పడిపోవడమే ఒళ్లు చేసుకునే వైద్యం. పడితే తల, గుండె ఒకే ఎత్తుకి వస్తాయి. రక్తం ఎక్కాల్సిన పని లేకుండా మెదడుకి అందుతుంది. అందుకే పడుకున్న మనిషి నిమిషంలో లేస్తాడు. మనం ప్రేమతో ఎత్తి కూర్చోబెడతామే, అది ఆ వైద్యాన్ని చెడగొట్టడం. మా యాడి తల రెండుసార్లు వేలాడిపోయింది అందుకే.

మా తమ్ముడి సంగతి కూడా చెప్పాలి. వాడు నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చింది. ఒళ్లు పెనం, చేతులు కాళ్లు మంచు. "పిల్లోడికి చలి పట్టింది" అని దాది రెండు బొంతలు కప్పి పొయ్యి దగ్గర పడుకోబెట్టింది. తెల్లారేసరికి పిల్లోడు కళ్లు తెరవడం లేదు, నీళ్లు మింగడం లేదు. ఆసుపత్రికి ఎత్తుకుపోతే నర్సమ్మ మొదట చేసిన పని ఆ బొంతలు తీసి పక్కన పడేయడం. జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన పైన చలి, లోపల మంట మా ఇంట్లోనే జరిగింది. ఆయన పుస్తకం మా దాదికి తెలియదు, నాకూ తెలియదు. జ్వరంతో కాలిపోయే పిల్లకి చేతులు చల్లగా ఉండి, మగతగా, తాగకుండా ఉంటే అది ఇంట్లో చూసుకునేది కాదు. వెంటనే తీసుకుపోవాలి.

సరే, ఆ చెల్లి వాళ్ల నాయన వచ్చినాడని చెప్పినా కదా. ఆయన హాస్టల్ గేటు దగ్గర చెట్టు కింద కూర్చున్నాడు. చేతిలో ఖాళీ సంచి, పాప బట్టలు పెట్టుకుపోవడానికి. నేను పోయి పక్కన కూర్చుని "చిన్నాయనా, పాపకి గాలి కాదు, రక్తం తక్కువుండొచ్చు, ఒక్కసారి పరీక్ష చేయిద్దాం" అన్నా.

ఆయన అరవలేదు, కోపం చేయలేదు. "నువ్వు చెప్పేది నిజమే ఉండొచ్చు పాపా. కానీ ఊర్లో దయ్యం పట్టిన పిల్ల అని ఒకసారి పేరొస్తే దాన్ని ఎవరు చేసుకుంటారు? పేరు రాకముందే ఇంటికి తీసుకుపోతా. మా అక్క కొడుకు ఉండాడు" అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయన భయం వేపచెట్టు గురించి కాదు. ఆ పాపకి పద్దెనిమిది మొన్ననే నిండింది.

అదే రోజు సాయంత్రం హాస్టల్‌కి నర్సు వచ్చి హిమోగ్లోబిన్ పరీక్ష చేసింది. వార్డెన్ మేడమ్ పిలిపించింది. ఆడవాళ్లకి 12 ఉండాలి. 8 కంటే తక్కువ ఉంటే తీవ్రమైన రక్తహీనత. ఆ పాపకి 7.2 వచ్చింది. వాళ్ల నాయన ఆ చీటీ తీసుకుని తిప్పి తిప్పి చూసినాడు, చదవడం రాదు. నేను చదివి చెప్పినా.

తర్వాత మా వంతు. మా రూములో ఆరుగురం, 12 దాటింది ఒక్కతికే. నాకు 9.1.

అందరికీ పాఠం చెప్పిన నాకు 9.1. మెట్లెక్కితే ఆయాసం, చదువుతుంటే కునుకు, ఎండాకాలంలో కూడా చల్లటి వేళ్లు. ఇవన్నీ నా స్వభావం అనుకున్నా. సిగ్గు విడిచి ఇంకొకటి చెప్తా. ఇంటర్‌లో ఉన్నప్పుడు వారం వారం నీలం మాత్ర ఇచ్చేవాళ్లు, ఐరన్ ఫోలిక్ యాసిడ్. ఒక్కో దాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్. అది వేసుకుంటే వికారం, దొడ్డికి నల్లగా వస్తుందని భయపడి నోట్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని బయట ఉమ్మేసేవాళ్లం. నేనే కాదు, లైను మొత్తం. ఐరన్ వేసుకుంటే నల్లగా రావడం మామూలే అని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా మేము వినేవాళ్లమో కాదో.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. పదిమంది నిలబడితే ఆరుగురు. ఇంతమందికి ఉంటే అది రోగంలాగా కనిపించదు, ఆడవాళ్లు అంటే ఇట్లే ఉంటారు అనిపిస్తుంది.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. ఇవి మీ ఇంట్లో, హాస్టల్లో, పని దగ్గర చెప్పండి.

ఎవరైనా పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టండి, కాళ్లు ఒక అడుగు పైకి ఎత్తండి. బకెట్, గంప, పుస్తకాల సంచి, ఏదైనా సరే. గాలి ఆడనీయండి. తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు, సోడా, కాఫీ ఏవీ పోయొద్దు. లేచినాక వెంటనే నిలబెట్టొద్దు. వాంతి వస్తుంటే, లేదా ఫిట్స్ అయితే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తాళాలు, ఇనుము చేతిలో పెడితే ఫిట్స్ ఆగవు. పళ్ల మధ్య ఏమీ దూర్చొద్దు.

ఒకటి రెండు నిమిషాల్లో లేవకపోయినా, ఊపిరి సరిగా లేకపోయినా, గుండెలో నొప్పి అన్నా, పరుగెత్తుతూ పని చేస్తూ పడిపోయినా, గర్భిణి అయినా, తలకి దెబ్బ తగిలినా, మూతి ఒక పక్కకి పోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. భగత్ దగ్గరికి తర్వాత పోవచ్చు, ఆయన ఎక్కడికీ పోడు.

వడదెబ్బ వేరే. ఎండలో పనిచేసే మనిషి ఒళ్లు కాలిపోతూ, పిచ్చి మాటలు మాట్లాడుతూ, స్పృహ తప్పితే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. నీడకి చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసరండి. 108 వచ్చేదాకా ఆపొద్దు.

కళ్లు తిరుగుతున్నాయి అనిపిస్తే సిగ్గుపడకుండా అక్కడే కూర్చోండి, వీలైతే పడుకోండి. అది కూడా కుదరకపోతే కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసి తొడలు బిగించండి, పిడికిళ్లు గట్టిగా బిగించండి. రక్తం పైకి వస్తుంది.

చెమట పోయినా, విరేచనాలైనా ఓఆర్ఎస్. ప్యాకెట్ లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబిస్ అనే బెంగాలీ డాక్టరు ఇట్లాంటి ఉప్పు చక్కెర నీళ్లే తాగించి ఎంతోమందిని బతికించినాడు. పేదోళ్ల దగ్గర దొరికేవాటితోనే.

రక్తానికి రాగి సంగటి, సజ్జ రొట్టె, ఆకుకూర, చెనక్కాయ బెల్లం, గుడ్డు, మాంసం. మన తాతలు తిన్నవే చాలావరకు. అన్నంతో పాటు టీ తాగొద్దు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనీయదు. ఒక గంట ఆగి తాగండి. ఐరన్ మాత్ర నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. బయలులో చెప్పులు లేకుండా నడిస్తే కొంకి పురుగు పాదం చర్మంలోంచి లోపలికి పోయి పేగుల్లో రక్తం తాగుతుంది. ఆల్బెండజోల్ మాత్ర 400 మిల్లీగ్రాములది ఏడాదికి రెండుసార్లు స్కూళ్లలో, కాలేజీల్లో ఇస్తారు. మాలాగా ఉమ్మేయకండి.

మన గిరిజనులకి ముఖ్యంగా ఒక మాట. రక్తహీనత అన్నీ ఐరన్ తక్కువై వచ్చేవి కావు. సికిల్ సెల్ అని పుట్టుకతో వచ్చేది ఒకటుంది, గిరిజనుల్లో ఎక్కువ. దానికోసం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలైంది, పరీక్ష చేస్తారు. కీళ్ల నొప్పులు, కామెర్లు తరచుగా వచ్చేవాళ్లు తప్పకుండా చేయించుకోండి. చేతులు అందరివీ చల్లగానే ఉంటాయి, కారణం ఒకటే కాదు. చైనా పెద్దాయన చెప్పింది కూడా అదే కదా.

మా యాడికి పోయిన సెలవుల్లో నేనే దగ్గరుండి పరీక్ష చేయించినా. 7.8. డాక్టరమ్మ మాత్రలు రాసింది. మూడు నెలలకి 10.2 అయింది. ఇప్పుడు పనికి పోయేముందు ఒక రొట్టె తింటుంది, నేను ఫోన్‌లో రోజూ అడుగుతా కాబట్టి. నీళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆడవాళ్లు నలుగురు కలిసి చీర అడ్డం కట్టుకుని ఒక చోటు చేసుకున్నామని చెప్పింది. తాయెత్తు కూడా ఉంది మెడలో. ఉండనీ అన్నా.

ఇక ఆ చెల్లి. వాళ్ల నాయన డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడానికి ఒప్పుకున్నాడు, మాత్రలు కొన్నాడు. కానీ పాపని కూడా తీసుకుపోయినాడు. "ఒక నెల ఇంటి దగ్గర ఉంచి పంపిస్తా" అన్నాడు. నెల అయిపోయి వారం అవుతోంది. మొదట్లో ఫోన్ ఎత్తేది, ఇప్పుడు స్విచ్ ఆఫ్ వస్తోంది. ఆమె మంచం ఎవరికీ ఇవ్వొద్దని వార్డెన్ మేడమ్‌ని అడిగినా. సరే అనింది గానీ ఎన్ని రోజులు ఉంచుతుంది.

నేను అడిగే సాయం ఇదే. కళ్యాణదుర్గం వైపు మన గ్రూపు వాళ్లు, ముఖ్యంగా ఎరుకల అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఊరు పేరు చెప్తా. పోయి గొడవ చేయొద్దు, ఆయన చెడ్డ మనిషి కాదు. పక్కన కూర్చుని, మీ పిల్లకి పట్టింది దయ్యం కాదు, 7.2 అని వాళ్ల మనిషి వాళ్ల భాషలో చెప్తే ఆయన వింటాడని నా నమ్మకం. సెమిస్టర్ పరీక్ష ఫీజుకి ఇంకా పన్నెండు రోజులు టైముంది.

తప్పులుంటే చెల్లెలు అనుకుని సర్దుకోండి. రాం రాం.